డెబ్బయ్యారు, తొంభై రెండు

డెన్‌జిల్ అంకుల్ పాట నిమిషానికి డెబ్బయ్యారు దెబ్బలు.
దస్తగిరి మాట తొంభై రెండు.
ఒకటి ఎడ్డెమంటే ఇంకొకటి తెడ్డెం.
లింగరాజపురం ఫ్లైఓవర్ పక్కన
మూడో అంతస్తు గదిలో, హెడ్‌ఫోన్ పెట్టుకుని
రాత్రి పదకొండు నుంచీ సంధి కుదురుస్తున్నాను.

క్యాసెట్ మీద పెన్సిలు రాత:
డెబ్బై తొమ్మిది, ఆగస్టు, కాక్స్ టౌన్ షెడ్డు.
నలుగురు కుర్రాళ్ళు, అద్దె ఆంప్లిఫయరు,
కోళ్ళగూడు ఆనుకుని డ్రమ్ములు.
చెవి పెడితే రెండో చరణంలో
వేళగాని వేళ ఒక కోడి కూస్తుంది.
"అన్నీ శుభ్రం చెయ్యి, కోడిని మాత్రం ముట్టుకోకు"
అన్నాడాయన, క్యాసెట్ నా చేతిలో పెట్టి
ఇంకా వదలకుండా.

దస్తగిరిది కదిరి. హెణ్ణూరు రోడ్డులో టైర్ల అంగడి.
నీళ్ళతొట్టిలో ట్యూబు ముంచి
బుడగ లేచిన చోట వేలు పెట్టినట్టు
మాట కారిపోయే చోట ప్రాస పెడతాడు.
యతి తెలుసా అని అడిగితే
"అదేం బండి అక్కా?" అంటాడు.

షట్టరు దించుకుని ఫోన్లో చెప్పి పంపాడు:
"గాలి కొట్టి బతికేటోన్ని, గాలిమాట కాదు నాది.
కూలి తక్కువ, కూత ఎక్కువ, కొలిచి చూడు కోపమెంతో.
నాలుగేండ్ల నున్నటైరు, నడిచినంత దూరం నాది."

ముందు వాడి మాటను సాగదీశాను.
తాగినోడి తగాదాలా వచ్చింది.
పాటను ఉరికించాను.
గిటారు దోమలా ఏడ్చింది.
పోనీ ఎనభై నాలుగు దగ్గర కలవండ్రా అన్నాను,
ఇద్దరూ అలిగారు.

రెండున్నరకి కరెంటు పోయింది.
ఇన్వర్టరు కీచుమంటుంటే
ఊరికే, ఏ పనీ చెయ్యకుండా, పాట విన్నాను.
అప్పుడు దొరికాడు లెస్లీ.
డ్రమ్ముల మీద ఉన్నవాడు.
గిటారు మెలి తిరిగే చోటికి రాగానే ఆగలేడు.
ఎనభై. ఎనభై ఆరు. తొంభై ఒకటి.
మళ్ళీ ఏమీ ఎరగనట్టు వెనక్కి.
ప్రతి చరణంలోనూ అదే చోట, అదే తొందర.
మిగతా ముగ్గురూ తిట్టే ఉంటారు అప్పట్లో.

"లెస్లీకి అన్నిటికీ తొందరే"
అని ఆయన ఒకసారి అన్నాడు నాతో.
ఎనభై రెండు, ఓల్డ్ మద్రాస్ రోడ్డు, మోటారుసైకిలు.
అంతకు మించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక నేను చేసిందల్లా
దస్తగిరిని తీసుకొచ్చి ఆ తొందర గుమ్మంలో నిలబెట్టడం.
షట్టరు వెనక వాడు ఊపిరి పీల్చాడు.
నలభై అయిదేళ్ళ అవతల షెడ్డులో
లెస్లీ కర్ర ఎత్తాడు.
పడింది.
మౌసు మీద నుంచి నా చెయ్యి దానంతటదే లేచింది.

ఆదివారం ఇద్దర్నీ పిలిచాను.
దస్తగిరి సోఫాలో కూర్చోనన్నాడు, ప్యాంటుకు మసి ఉందని.
అంకుల్ వినికిడి మిషను సరిచేసుకుని
కళ్ళు మూసుకుని, తొడ మీద వేళ్ళతో
ఎవరిదో లెక్క వేస్తూ విన్నాడు.
పాట అయిపోయింది.
కింద పాతసామాన్లవాడు అరుచుకుంటూ పోయాడు.

"కోడి ఏది?" అన్నాడు.

కోపం ఎంతో కొలిచే చోట
దస్తగిరి గొంతు కింద అణిగిపోయింది కోడి.
నేను తలొంచుకున్నాను. రెండు వారాల పని.
తెలుగు రాని ఆయనకి, ఇంగ్లీషు రాని వాడు
చేతులతో రెక్కలు కొట్టి చూపించి అడిగాడు, ఇదేనా అని.
ఆయన తలూపాడు.
"అయితే ఆడ నేను నిలుస్తా అక్కా.
దాన్ని కుయ్యనీ."

అక్కడికక్కడే మైకు ముందు నిలబడి
కొలిచి చూడు, అని ఆగాడు.
కోడి కూసింది.
కోపమెంతో, అన్నాడు.

దాన్నే యతి అంటారని
చెప్పబోయి ఊరుకున్నాను.